గినీపిగ్‌కి ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

చదివి నవ్వుకుంటారని తెలిసే రాస్తున్నాను. మాది ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. మా ఇంట్లో బుడ్డి అని ఒక గినీపిగ్ ఉంది, దానికి మూత్రాశయంలో రాయి వస్తే విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. వీధిలో అందరూ "ఎలకపిల్లకి ఆపరేషనా!" అన్నారు. అననివ్వండి. దాని ముద్దుముచ్చట్లు చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఇలాంటి చిన్న జంతువులు మా సరిహద్దు ఊళ్ళలో సంతలో కూడా అమ్ముతున్నారు, జబ్బు చేస్తే చూపించడానికి మాత్రం చోటు లేదు, పైగా తెలియక వేసిన మందే వాటిని చంపేస్తుంది.

మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది. మొదట రెండుండేవి, బుడ్డి, చిట్టి. పోయిన కార్తీకంలో చిట్టి ఒంటేలు పోసుకునేటప్పుడల్లా కీచుమని అరవడం మొదలుపెట్టింది, కింద పరిచిన తువ్వాలు మీద ఎర్రటి చుక్కలు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే చీటీ రాసే ఆయన ఆవు, గేదె, మేక, కోడి, కుక్క అన్న గళ్ళన్నీ ఒకసారి చూసుకుని, మమ్మల్ని ఒకసారి చూసి, "ఇతర" అన్న గడిలో రాసుకున్నాడు. డాక్టరు గారు పల్లెల్లో టీకాలకి బయల్దేరే హడావిడిలో ఉండి కూడా చేతిలోకి తీసుకుని చూశారు. "వీటిని మేం చదువుకునే రోజుల్లో ల్యాబులో చూడడమేనమ్మా" అని ఉన్నమాట చెప్పేశారు, ఆయన్ని నేనేమీ అనను. ఏదో ఒకటి వెయ్యాలి కదా అని మనుషుల మందుల షాపులో అడిగితే చిన్నపిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చి నాలుగు చుక్కలు పొయ్యమన్నారు. పోశాను. మూడో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి, నాలుగో రోజు తెల్లారేసరికి లేదు. రోగం ముదిరిందనుకుని జామచెట్టు కింద పూడ్చి ఊరుకున్నాం.

ఈ మాఘంలో బుడ్డికీ అదే మొదలు. మిగిలిన సిరప్ సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. మూత తీసి సిరంజిలోకి లాగుతుండగా, పశువైద్యం చదువుతున్న మా అన్నయ్య కొడుకు ఫోన్‌లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. "అత్తా, ఆగు, అది వెయ్యకు" అని అరిచాడు. పెన్సిలిన్ జాతి మందులు, అందులో అమాక్సిసిలిన్ కూడా, నోటి ద్వారా పోస్తే గినీపిగ్ పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చిపోయి చెడ్డవి పెరిగి విషం పుట్టిస్తాయట. మనిషికి మామూలు మందు, దానికి ప్రాణం మీదకి వస్తుంది. చిట్టి ఆ మందు వల్లే పోయిందని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ సీసా చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

రాయి ఉందో లేదో తేలాలంటే ఎక్స్‌రే కావాలి. గినీపిగ్‌లకి వచ్చేవి ఎక్కువగా కాల్షియం రాళ్ళే కాబట్టి ఫిల్మ్ మీద స్పష్టంగా పడతాయి. కానీ తీసేదెవరు? మనుషుల ల్యాబులు రెండింటిలో అడిగాను, లోపలికే రానివ్వలేదు, మనుషులు పడుకునే మంచం కదా, వాళ్ళనీ అనలేను. ఇక కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, పైన గరిక వేసి, గుణుపూర్ నుంచి విశాఖ వెళ్ళే రైలెక్కాం. దారి పొడుగునా అది వీపు గూని చేసుకుని కూర్చుంది, గరిక ముట్టలేదు. ఇవి పూటో రోజో తిండి మానేస్తే పేగు కదలికే ఆగిపోతుందని విన్నాక నాకు మరీ టెన్షన్. విశాఖలో ఎక్స్‌రే చూపిస్తే నల్లటి ఫిల్మ్ మధ్యలో బఠాణీ గింజంత తెల్ల చుక్క. కోసి తీశారు. తర్వాత పన్నెండు రోజులు సూది లేని సిరంజితో నానబెట్టి మెదిపిన దాణా పట్టించాను, వంటింటి త్రాసు మీద రోజూ తూకం. 790 గ్రాములకి దిగింది, ఇప్పుడు 860.

రాయికి తిండి ఒక్కటే కారణం కాదని అక్కడి డాక్టరు చెప్పారు, కానీ నా వంతు తప్పు నాకు తెలుసు. మునగాకు మంచిదే కదా అని రోజూ గుప్పెడు పెట్టాను, అందులో కాల్షియం మెండు. పాలకూర కూడా. ఒంట్లో మిగిలిన కాల్షియం వీటికి మూత్రంలోంచే పోతుంది, అందుకే మామూలుగానే అది కాస్త తెల్లగా ఉంటుంది. మా తువ్వాలు మీద మాత్రం ఆరిన చోట ముగ్గుపిండి రాలినట్టుండేది, వేలితో రాస్తే ఇసకలా తగిలేది. పిచ్చిదాన్ని, దులిపి ఆరేసుకున్నాను. అమ్మినవాడు కుందేలు దాణా ఇచ్చి ఇదే చాలన్నాడు. కుందేలు విటమిన్ సి తనే తయారు చేసుకుంటుంది, గినీపిగ్ మనలాగే తిండిలోంచి తెచ్చుకోవాలి. ఇప్పుడు జామకాయ ముక్క, కాప్సికం, పుష్కలంగా గరిక, ఆకులేవైనా తడిపి పెడుతున్నాను, ఆ వంకన కాసిన్ని నీళ్ళు కడుపులోకి పోతాయని.

పెట్ షాపుల మీద 2018లో కేంద్రం నియమాలు తెచ్చింది, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు లేకుండా అమ్మకూడదు. మా వైపు సంతల్లో పిట్టల పంజరాల పక్కనే అట్టపెట్టెలో పెట్టి అమ్ముతుంటే ఏ నమోదు అడుగుతాం? కనీసం అమ్మేటప్పుడు ఒక కాగితం ఇవ్వమనండి, ఒక వైపు ఒడియా, ఒక వైపు తెలుగు, ఏం పెట్టాలో, ఏ మందు వెయ్యకూడదో. అరఠావు చాలు.

1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్యం బండిని మా కోసం ఆపమని నేను అడగను. ఈనలేక గేదె పడి ఉంటే ఆ ఇంటికే ముందు వెళ్ళాలి, ఆ గేదె మీదే ఆ ఇల్లు నడుస్తుంది. నేనడిగేది వారానికి ఒక్క పూట. కుక్కలు, పిల్లులు, కుందేళ్ళు, గినీపిగ్‌లు, చిలకలు, వీటిని చూడడం తెలిసిన ఒక డాక్టరు, ఒక ఎక్స్‌రే. ఒడిశా వైపు చూస్తే వెటర్నరీ కాలేజీ భువనేశ్వర్‌లో ఉంది, మాకది రాత్రంతా ప్రయాణం. అదే విజయనగరం జిల్లా గరివిడిలో ఒక పశువైద్య కళాశాల ఉంది, మా విశాఖ రైలు వెళ్ళే దారిలోనే. 1936లో ఒడిశాని వేరు చేసి సరిహద్దు గీత గీసినప్పుడు మేం ఇటు ఒడిశాలో పడ్డాం, పక్కనున్న పాతపట్నం అటు ఆంధ్ర వైపు పడింది, ఇద్దరం తాగేది మహేంద్రతనయ పక్కన ఊరే నీళ్ళే. రెండు ప్రభుత్వాల పశుసంవర్ధక శాఖలు మాట్లాడుకుని గరివిడి కాలేజీ డాక్టర్లనీ, ఇంటర్న్‌షిప్ పిల్లలనీ వారానికోసారి పాతపట్నం పంపించినా చాలు, మేమే నడిచి వెళ్తాం. ఉచితంగా అక్కర్లేదు, ఫీజు పెట్టమనండి. విశాఖ వెళ్ళిరావడానికి రెండు రోజుల కూలి పోయింది మా ఆయనకి, దానికన్నా ఎక్కువ అవదు కదా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా