సూర్యాపేట దగ్గర మమ్మల్ని గట్టెక్కించిన మెకానిక్ బాబాయికి

నిద్ర లేదు, చున్నీకి అంటిన ఆయిల్ వాసన ఇంకా పోలేదు. అయినా ఇది ఈరోజే రాయాలి.

నిన్న సాయంత్రం అమ్మను తీసుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరాను. ఈ ఉదయం డాక్టర్ అపాయింట్‌మెంట్, ఎన్నాళ్లో ఎదురుచూస్తే దొరికింది. సూర్యాపేట దాటాక కారులో మాడు వాసన, బానెట్ సందుల్లోంచి పొగ. ఆయిల్ ప్రెషర్ లైటు ఎర్రగా ఒక్కసారి వెలిగి ఆరింది. పక్కకు తీసి ఆపేసి చూస్తే కింద రోడ్డంతా ఆయిల్.

అక్కడున్న టీ కొట్టు వెనకే ఒక ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు. ఆయన షట్టర్ దించేసి ఇంటికి వెళ్లబోతున్నాడు. మమ్మల్ని చూసి టార్చి పట్టుకుని వచ్చాడు. "బిడ్డా, మల్ల స్టార్ట్ చెయ్యకు, టర్బో పోతది" అన్నది ఆయన మొదటి మాట.

ఇంజన్ చల్లారేదాకా ఆగి, అంతా డీజిల్ గుడ్డతో తుడిచి, రెండు లీటర్ల ఆయిల్ పోసి, ఒక్క నిమిషం స్టార్ట్ చేయించాడు. టర్బోకి, అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే భాగానికి, ఆయిల్ వెళ్లే సన్న పైపు చివర, దాన్ని బిగించే బాంజో బోల్టు దగ్గర బొట్టు బొట్టుగా ఊరుతోంది. బోల్టు విప్పితే రెండు రాగి వాషర్లు నలిగి గట్టిపడిపోయి ఉన్నాయి. ఆ సైజువి ఆయన దగ్గర లేవు. టీ కొట్టు స్టవ్ మీద పట్టకారుతో ఒక్కొక్కటీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. "రాగి కాలిస్తె మెత్తబడ్తది బిడ్డా, అప్పుడు మంచిగ కూసుంటది" అంటూ ఎమరీ పేపర్ మీద మెల్లగా రుద్దాడు. బోల్టు లోపల బోలుగా ఉంటుందట, బలంగా తిప్పితే తెగిపోతుందని చూసి చూసి బిగించాడు. మళ్లీ స్టార్ట్ చేశాక తెల్ల కాగితం కింద పెట్టి, చాలాసేపు కదలకుండా చూశాడు. ఒక్క చుక్క పడలేదు.

అమ్మకు షుగర్ అని మాటల్లో తెలిసి తన డబ్బా తెచ్చి ఇచ్చాడు. జొన్నరొట్టె, పప్పు. "మా ఇల్లు దగ్గర్నే, నేను పోయి తింట" అన్నాడు. ఆయిల్ డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు. అది ట్రాక్టర్లకు పోసే 15డబ్ల్యూ-40 ఆయిల్, హైదరాబాద్ చేరాక మార్పించుకోమని రెండుసార్లు చెప్పాడు.

పొద్దున హాస్పిటల్‌లో ఉంటే ఆయనే ఫోన్ చేశాడు. "ఆయిల్ ఎంతున్నదో డిప్‌స్టిక్ తీసి చూసినవా బిడ్డా? అమ్మను డాక్టర్ చూసిండా?" అంతే, అందరి ముందూ ఏడ్చేశాను. రాత్రంతా రాని ఏడుపు అది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ పైపు ఈ మధ్యే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో విప్పి బిగించారు. బిల్లు వేలల్లో వేశారు, పాత వాషర్లే తిప్పి వేశారు. నిన్న ఫోన్ చేస్తే వాషర్లు విడిగా రావు, పైపు సెట్టు మొత్తం ఆర్డర్ పెట్టాలి, వారం పడుతుంది, బండి టోయింగ్ చేయించుకోండి అన్నారు. రోడ్డు మీద పెద్దావిడతో ఉన్నామంటే వినే నాథుడు లేడు. రెండు రాగి బిళ్లలకు ఇంత కథా? పాత వాషర్లనైనా సరిగ్గా వేయడం ఆయన దగ్గరికి వచ్చి నేర్చుకోండి.

మావారు, తమ్ముడు రాత్రంతా ఫోన్‌లోనే ఉన్నారు, వాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

బాబాయ్, మీ పేరు ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. అమ్మకు రిపోర్టులు బాగానే వచ్చాయి. తిరిగి వెళ్లేటప్పుడు మీ షెడ్డు దగ్గర ఆగుతాం, మీ డబ్బా మా దగ్గరే ఉంది.

అయ్యో, టీ కొట్టు అక్కను మర్చిపోయాను. అమ్మకు మంచం వేసి, బేరం ఆపుకుని స్టవ్ ఇచ్చింది. కారు వెనక చెట్టు కొమ్మలు పెట్టి, లారీలకు టార్చి ఊపుతూ నిలబడ్డ క్లీనర్ తమ్ముడు కూడా. థాంక్స్ చెప్పేలోపే వాళ్ల లారీ కదిలింది. ఇంకా అపాయింట్‌మెంట్ టైము జరిపిన రిసెప్షన్ అమ్మాయికి కూడా చాలా చాలా థాంక్స్.