రికార్డరు కొనేటప్పుడు ఫైలు భవిష్యత్తునూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

జానపద కళారూపాలను, గిరిజన భాషలను, వృద్ధుల జ్ఞాపకాలను శబ్దరూపంలో భద్రపరచడానికి కళాశాలలు, గ్రంథాలయాలు చేతిలో ఇమిడే డిజిటల్ రికార్డర్లను కొనడం హర్షించదగిన విషయం. అయితే కొనేముందు ధర, వారంటీ, మెమరీ గురించి జరిగేంత చర్చ, వాటిలో రికార్డయిన ఫైలు ఇరవై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందా అన్న దానిపై జరగడం లేదు. నా దృష్టిలో మొట్టమొదట తేల్చుకోవలసింది అదే.

1992లో సోనీ విడుదల చేసిన, శబ్దాన్ని రికార్డు చేసుకునే చిన్న డిస్కు అయిన మినీడిస్క్‌ను ఒకప్పుడు క్షేత్ర పరిశోధకులు ఎంతో ఇష్టంగా వాడేవారు. అది శబ్దాన్ని అట్రాక్ అనే ఆ సంస్థ సొంత పద్ధతిలో కుదించి దాచేది. 2013లో సోనీ ఆ యంత్రాల సరఫరా ఆపేసింది. ఇప్పుడు ఆ డిస్కులున్నవారు వాటిని వినిపించే పాత యంత్రం కోసం వెతుక్కోవలసిందే. మా విభాగంలో వేరొక తయారీదారు వాయిస్ రికార్డరుతో తీసిన ఒగ్గు కథ ప్రదర్శన ఒకటి ఉంది. కంప్యూటరులో ఆ ఫైలు పేరు, తేదీ, పరిమాణం అన్నీ కనిపిస్తాయి. దానిని తెరిచే సాఫ్ట్‌వేర్ మాత్రం ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కదు. ఆ కథ చెప్పిన పెద్దాయన ఇప్పుడు లేరు.

ఇందుకు భిన్నంగా, 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి రూపొందించిన వేవ్ (WAV) అనే శబ్ద ఫైలు ఫార్మాట్ నేటికీ దాదాపు ప్రతి కంప్యూటరులోనూ తెరుచుకుంటుంది. అందులో శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ప్రమాణంలో, అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేల సార్లు కొలిచి ప్రతి కొలతనూ 24 బిట్లలో రాసే పద్ధతిలో, స్టీరియో రికార్డింగుకు గంటకు సుమారు ఒక జీబీ పడుతుంది. నేటి మెమరీ కార్డుల ధరకు అది భారమేమీ కాదు. పాత టేపులను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు కనీసం ఈ ప్రమాణం పాటించాలని అంతర్జాతీయ శబ్ద భాండాగారాల సంఘం సూచిస్తోంది.

ఫోను ఉండగా రికార్డరెందుకని అడిగేవారున్నారు. ఫోను ప్రధానంగా మాట కోసం తయారైనది. చాలా ఫోన్లు శబ్దస్థాయిని తమంతట తామే పెంచుతూ తగ్గిస్తూ, మాట కానిదాన్ని రొదగా భావించి అణచివేస్తాయి. ఒగ్గు కథలో కథకుడు మెల్లగా వచనం చెబుతుండగానే డోలు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. రికార్డరులో శబ్దాన్ని గ్రహించే స్థాయి (లెవెల్) ఎక్కువగా పెట్టి ఉంటే ఆ దెబ్బల దగ్గర శబ్దం పగిలిపోతుంది, తర్వాత దాన్ని పూర్తిగా బాగుచేయడం సాధ్యం కాదు. అతి మెల్లని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా పట్టుకోగల 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేసే నేటి యంత్రాల్లో ఈ ప్రమాదం చాలావరకు తగ్గింది. పైగా అవి ఇచ్చేవీ వేవ్ ఫైళ్లే కాబట్టి, కొంచెం ఎక్కువ ధర పెట్టినా ఆ డబ్బు వృథా పోదు.

యంత్రం ఆయుష్షు విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది బ్యాటరీ. లోపల బిగించిన లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు బలహీనపడితే, అదే రకం దొరకక మంచి రికార్డరు కూడా మూలన పడుతుంది. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే ఏ పల్లెలోని కిరాణా కొట్టులోనైనా సెల్స్ దొరుకుతాయి. కార్డు కూడా బయటకు తీయగలిగేదై ఉండాలి. 2 జీబీకి మించిన కార్డులను గుర్తించలేని పాత రికార్డర్లు కొన్ని ఉన్నాయి కనుక, వాడిన యంత్రాలను కొనేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

కాబట్టి వేవ్ ఫార్మాటు, బయటకు తీయగల ఎస్డీ కార్డు, మామూలు సెల్స్, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేకుండానే కేబుల్‌తో ఫైళ్లను కంప్యూటరులోకి తీసుకునే వీలు ఉండాలని టెండరు నిబంధనల్లోనే రాయాలని విశ్వవిద్యాలయాలను, సాంస్కృతిక శాఖలను కోరుతున్నాను. కార్డును భాండాగారంగా భావించకూడదు. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. ప్రతి రికార్డింగుకు కళాకారుని పేరు, ఊరు, తేదీ, భాష రాసిన చిన్న పత్రాన్ని జోడించి, రెండు వేర్వేరు చోట్ల ప్రతులు దాచడానికి అదే బడ్జెట్‌లో కొంత సొమ్ము కేటాయించాలి. విభాగాల బీరువాల్లో ఉన్న పాత డిస్కులను, క్యాసెట్లను వినిపించే యంత్రాలు ఇంకా నడుస్తుండగానే, వాటిలోని శబ్దాన్ని వేవ్ ఫైళ్లలోకి మార్చే పనిని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.

– జానపద సాహిత్య అధ్యాపకుడు, హనుమకొండ