వంటింటి పిడులు మార్చేసినా

తిరుపతి, కొర్లగుంట

నాయనా చిన్నోడా,

బాగుండావా? ఇక్కడ మేము బాగానే ఉండాము. గంగజాతర ముగిసి నాలుగు రోజులైంది, అంబలి గిన్నెలు తోమి తోమి నడుము ఇంకా సర్దుకోలా. ఫోన్లో చెబుదామంటే "ఊఁ, ఊఁ" అంటా నువ్వు పక్కన ఇంకేదో చూసుకుంటుంటావు. అందుకే కాగితం పట్టినా.

వంటింటికని నువ్వు పంపిన డబ్బు బ్యాంకులో అట్లనే ఉంది. నువ్వు మాట్లాడి పెట్టిన మాడ్యులర్ కిచెన్ పిల్లోడు వచ్చినాడు. ఎర్రచుక్క పడే మిషనుతో అయిదు నిమిషాల్లో కొలిచేసి, "మొత్తం పీకేద్దాం ఆంటీ" అన్నాడు. 2,80,000 చెప్పినాడు. ఒక్క తలుపు కూడా తెరిచి చూడలేదురా! 2004లో మన కళ్ళ ముందర కోసిన ప్లైవుడ్ అది. ఇరవై ఏళ్ళు దాటినా సింకు కింద పలక తప్ప ఎక్కడా ఉబ్బలేదు. చెడింది అలమర కాదు, పిడి. పైనున్న క్రోమ్ పూత పొలుసులు పొలుసులుగా లేచి వేలికి గీరుకుంటా ఉండె, దోసెపిండి చేత్తో పట్టుకుంటే జారిపోతా ఉండె. పిడులు మార్చుకుంటే చాలంటే మీ నాయన పేపరు దించకుండానే "కార్పెంటర్‌ని పిలుస్తాలే" అన్నాడు. ఆ మాట పోయిన దీపావళి నుంచి వింటా ఉండా.

నేనే టేపు పెట్టి పిడిని ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలుచుకుని గాంధీ రోడ్డులో హార్డ్‌వేర్ కొట్టుకు పోయినా. కొట్టాయన నవ్వి, "పొడవు కాదమ్మా, స్క్రూ మధ్య నుంచి స్క్రూ మధ్యకు చెప్పండి" అన్నాడు. ఎండలో మళ్ళీ ఇంటికి. ఈసారి సరిగ్గా నాలుగంగుళాలు వచ్చింది. పోయి చెబితే ఇంకో చిక్కు. ఆ కొట్లో ఉండే పిడులన్నీ 96, 128, 160 మిల్లీమీటర్లు, అంతా 32వ ఎక్కం. మన పాత మేస్త్రి అంగుళాల లెక్కన కొట్టిన బొక్కలు దాదాపు 102. 96 పిడి తెస్తే కొత్త బొక్క పాతదానికి ఆరు మిల్లీమీటర్ల పక్కన పడుతుంది, డ్రిల్లు జారి పాతదాంట్లోకే పోతుంది. ఆలోచించి 128 తీసుకున్నా. పైబొక్క పాతదే, కింద మాత్రం కొత్తది. నడుమ మిగిలిన పాతబొక్క పిడి వెనకాల ఉండిపోతుంది. దాంట్లో అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి కుక్కి, ఆరినాక బ్లేడుతో చదును చేసి, పక్కింటి పాప గోధుమరంగు క్రేయాన్‌తో రుద్దినా. వంగి చూస్తే తప్ప కనపడదు.

పిడి ఎంచుకోను మాత్రం గంట పట్టింది. కొసలు బయటికి పొడుచుకునేవి చూడ్డానికి అందంగా ఉంటాయి, కానీ గాజులు తగులుకుంటాయి, కొంగు పట్టి లాగుతాయి. చేతిలో పాలగిన్నె ఉన్నప్పుడు కొంగు లాగితే ఏమవుతుందో అవి తయారు చేసేవాళ్ళకు తెలిసినట్టు లేదు. కొట్లోనే ఒక్కోదానికి కొంగు తగిలించి చూసినా. కొసలు లోపలికి తిరిగిన స్టీలువి దొరికినాయి, ఒక్కోటి 90. తలుపులు 14, సొరుగులు 5, మొత్తం 1,710.

పక్కింట్లో డ్రిల్లు అడిగి తెచ్చుకున్నా. ప్రతి తలుపూ కొలవలేక, అట్టలాంటి పెళ్ళిపత్రిక ఒకటి కత్తిరించి దాంట్లో రెండు బొక్కలు పెట్టినా. ఆ అట్టను తలుపు అంచుకు ఆనించి పెన్సిలుతో గుర్తు, గుర్తు మీద అంటించే టేపు, టేపు మీద 5 ఎం.ఎం. బిట్టు. మొదటి తలుపుకు వెనకాల చెక్క అదిమి పట్టుకోలేదు, బిట్టు బయటికొచ్చేటప్పుడు లోపలి సన్‌మైకా పెచ్చు లేచిపోయింది. నూనెడబ్బాలు పెట్టే తలుపు అది, వచ్చినప్పుడు చూసి నవ్వొద్దు. ఆ తర్వాత చెక్క పట్టుకోను, జాతరకని ఒళ్ళంతా బొగ్గు పూసుకుని తోటివేషం వేసుకొచ్చిన పక్కింటి బుడ్డోడు దొరికినాడు. పని కుదిరింది గాని, వాడి బొగ్గుచేతి అచ్చులు లోపలి తెల్ల సన్‌మైకా మీద మూడు చోట్ల పడినాయి.

సొరుగులు ఇంకో కత. పిడితో ఇచ్చిన స్క్రూలు 25 ఎం.ఎం., తలుపుకు సరిపోతాయి. సొరుగుకు ముందుపలక, పెట్టెపలక కలిసి రెండు మందాలు, స్క్రూ అవతలికి అందనే అందదు. 45వి వేరేగా కొనుక్కొచ్చినా. మరీ పొడుగు తెచ్చినా పనికిరాదు, స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, పిడి మాత్రం లొడలొడమంటుంది.

మీ నాయన సంగతి చెప్పాలి. జాతర చాటింపు అయినాక పొలిమేర దాటరాదు కదా, ఏ పెళ్ళికీ పోలేక ఇంట్లోనే దొరికినాడు. రెండు రోజులు తలుపు దగ్గర నిలబడి చూసినాడు. మూడో రోజు, పొయ్యి పక్క తలుపులు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే, అడక్కుండానే స్క్రూడ్రైవరు తీసుకుని తలుపును పట్టుకునుండే హింజి ముందు స్క్రూ అర చుట్టు తిప్పినాడు. తలుపు వెంట్రుకవాసి పక్కకు జరిగి సందు గీత గీసినట్టు సమానమైంది. ఇక పట్టలేము! ఇల్లంతా ఏ తలుపు కనిపిస్తే దాని స్క్రూ తిప్పుతా ఉండాడు. నిన్న బీరువా దగ్గర చూసినా.

మొన్న వీడియోలో మీ బెంగళూరు ఇంట్లో సింకు కింద తలుపు వేలాడతా కనిపించింది. స్క్రూ పట్టకపోతే అదే అగ్గిపుల్లల వైద్యం చెయ్యి, రాత్రంతా ఆరనిచ్చి పొద్దున బిగించు. హింజే విరిగుంటే పాతది ఊడదీసి కొట్టుకు పట్టుకుపో. నేరుగా ఉండేది, సగం వంగినది, పూర్తిగా వంగినది అని మూడు రకాలుంటాయి, నోటితో చెబితే తప్పుడుదే ఇస్తారు. పిడులు మార్చినా పాతవి పారెయ్యొద్దు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన అడుగుతాడు.

స్క్రూలు, సింకు కింద రెండు కొత్త హింజులు కలిపి నీ డబ్బులో 2,000 లోపలే తీసినా. మిగిలింది వెనక్కి తీసుకుంటావా, మిద్దె మీద వానకు కారే చోటుకు వాడమంటావా, రాయి. ఫోన్లో చెప్పొద్దు, మీ నాయన పక్కనుంటే కార్పెంటర్‌ని పిలుస్తాలే అంటాడు.

ఇట్లు
అమ్మ