లిడోకేయిన్ జెల్ బేస్ మార్చాం: విజయవాడ కస్టమర్లకు

సూర్యారావుపేట డాక్టర్ల చీటీల మీద మేం కలిపి ఇచ్చే 4 శాతం లిడోకేయిన్ (రాసినచోట నొప్పి తెలియకుండా చేసే మందు) జెల్ ఈ నెల నుంచి మునుపటిలా అద్దంలా మెరవదు, కాస్త సాగుతుంది. మందూ మోతాదూ అవే. మారింది బేస్, అంటే నీళ్లను జెల్‌గా చిక్కబరిచే పొడి: కార్బోపాల్ తీసేసి హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ వేస్తున్నాం.

కార్బోపాల్ గొలుసుల మీద రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుని విచ్చుకోబట్టే జెల్ నిలబడుతుంది. లిడోకేయిన్ హైడ్రోక్లోరైడ్‌ది ధనావేశం. అది చేరగానే గొలుసులు ముడుచుకుంటాయి, జెల్ పలచబడుతుంది. పీహెచ్ పెంచి కార్బోపాల్‌ని చిక్కబరిచే క్షారం ట్రైఇథనాలమైన్ ఇంకో రెండు చుక్కలు వేస్తే సరి అంటారు కొందరు. కానీ పీహెచ్ 7 దాటి పైకి పోయేకొద్దీ లిడోకేయిన్ నీళ్లలో నిలవక విడిపోతుంది. అప్పుడు ట్యూబులో ఒకచోట మందు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. పలచబడిన జెల్ కంటే ఇదే ప్రమాదం.

కొత్త బేస్‌కి ఆవేశం లేదు, లిడోకేయిన్ హైడ్రోక్లోరైడ్ లాంటి లవణ రూపపు మందులతో పేచీ రాదు. కానీ పొడిని నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగానే ఉన్న ఉండలు కడతాయి, ఎంత కలిపినా విడవవు. అందుకే 100 గ్రాముల జెల్‌కి 2 గ్రాముల పొడిని 10 గ్రాముల గ్లిజరిన్‌లో ముద్ద చేసి, మందు కరిగిన నీళ్లలో తిప్పుతూ వేస్తాం. రాత్రంతా నానాలి. ఇవాళ చీటీ ఇస్తే రేపు సాయంత్రమే. తొందరపెట్టినా ముందు ఇవ్వలేం. సెల్యులోజ్ అంటే బూజుకి ఇష్టం కాబట్టి అది పట్టకుండా ఆపే ప్రిజర్వేటివ్‌లు మిథైల్ పారాబెన్ 0.18, ప్రొపైల్ పారాబెన్ 0.02 గ్రాములు ముందే వేడినీళ్లలో కరిగిస్తాం. పారాబెన్ పడనివాళ్లు ముందే చెప్పండి. 30 గ్రాముల ట్యూబు 15 రూపాయలు పెరిగింది.

నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ సోడియం కూడా అందులోనే కలపమంటే కలపం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లగా అడుగున చేరతాయి. డాక్టరుగారితో మేమే మాట్లాడి రెండు ట్యూబులుగా ఇస్తాం.

పొలాక్సమర్ అనే మరో బేస్‌తో చేసిన జెల్ తీసుకునేవాళ్లు ఫ్రిజ్‌లో నీరైందని పారేయకండి. చల్లగా ఉంటే కరుగుతుంది, ఒంటి వేడికి గట్టిపడుతుంది.

లిడోకేయిన్ జెల్ సంగతికొస్తే, అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) 795వ అధ్యాయం ప్రిజర్వేటివ్ ఉన్న నీటి జెల్‌కి ఇచ్చే 35 రోజుల గడువే ట్యూబు మీద వేస్తున్నాం. మే ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేస్తే ఆ లెక్క చెల్లదు. లిడోకేయిన్ రాసి పైన ప్లాస్టిక్ చుట్టకండి, పుండు మీద రాయకండి. మందు రక్తంలోకి ఎక్కువగా పోతుంది.