మాల్టా నీళ్ళలో దిగేముందు

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడేసరికి పత్రికల్లో యూరప్ ప్యాకేజీల ప్రకటనలు, వాటి వెంటే యాత్రా వ్యాసాలు మొదలవుతాయి. మాల్టా గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ "స్పీడ్‌బోట్ ఎక్కి బ్లూ లగూన్‌లో స్నార్కెలింగ్ చేయవచ్చు" అని ఒక వాక్యం ఉంటుంది, అంతే. స్నార్కెలింగ్ అంటే కళ్ళకు మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, నీటి మీద తేలుతూ అడుగున ఉన్నది చూడటం. కోటలూ చర్చిలూ చూసి రావడం లాంటిది కాదిది. ఈత రాని కుటుంబాన్ని కొత్త సముద్రంలో, కాళ్ళకు నేల అందని చోట దించే వ్యవహారం. అక్కడి పడవల పని తెలిసిన తెలుగువాళ్ళం కనుక ఆ ఒక్క వాక్యంలో ఇమడని సంగతులు మీ పాఠకుల కోసం రాస్తున్నాం.

మాల్టా ప్రధాన దీవికీ, దాని పక్కనున్న గోజో దీవికీ మధ్యన ఉన్న చిన్న దీవి కొమీనో. వైశాల్యం మూడున్నర చదరపు కిలోమీటర్లు. జీలకర్రను మాల్టీస్‌లో కెమ్మూన్ అంటారు. దీవికి ఆ పేరు దాన్నుంచే వచ్చిందంటారు. కొమీనోకూ, దాని పక్కనున్న కొమినొత్తో అనే బండదీవికీ నడుమ తెల్లటి ఇసుక మీద నిలిచిన నీళ్ళే బ్లూ లగూన్. కొంచెం పక్కకు వెళితే క్రిస్టల్ లగూన్, దీవి ఈశాన్యాన శాంతా మరియా గుహలు. మాల్టా ఉత్తర కొసనున్న చిర్కెవ్వా రేవు నుంచి కొమీనో కనుచూపు దూరంలోనే ఉంటుంది. స్లీమా, బుజిబ్బా ఊళ్ళ నుంచి కూడా పడవలు వస్తాయి గాని, సముద్రం మీద గడిపే సమయం బాగా పెరుగుతుంది. కడుపులో తిప్పేవాళ్ళు చిర్కెవ్వా వరకు బస్సులో వచ్చి ఎక్కడమే మేలు.

మధ్యధరా సముద్రం మనవాళ్ళను చూపులతోనే నమ్మిస్తుంది. విశాఖ తీరంలో కెరటం ఒడ్డుకొచ్చి విరిగే తీరు చూస్తేనే అడుగు వెనక్కి పడుతుంది. మాల్టాలో ఆటుపోట్ల తేడా జానెడే. గాలి లేని రోజు నీళ్ళు చెరువులా పరుచుకుని ఉంటాయి. ప్రమాదం అక్కడ పోటులో ఉండదు, గాలిలో ఉంటుంది. దిక్కుల పేర్లు మనవాళ్ళకు కొట్టినపిండి కనుక ఇది తేలిగ్గానే పట్టుబడుతుంది. వాయవ్యం నుంచి వీచేది మయ్యిస్త్రాల్. ఏడాదిలో ఎక్కువ రోజులు అదే. అది లేచిందంటే గోజో పడమటి కొసనున్న ద్వెయ్రా, మాల్టాలో గోల్డెన్ బే వైపు అల్లకల్లోలం. దక్షిణాన బ్లూ గ్రోటో గుహల వైపు మాత్రం దీవే గోడలా అడ్డు నిలుస్తుంది. ఆగ్నేయ గాలి ష్లొక్ వస్తే కథ తిరగబడుతుంది, బ్లూ గ్రోటో పడవలు కట్టేస్తారు. మార్సష్లొక్ అనే రేవు పేరులోనే ఆ గాలి ఉంది. ఈశాన్యపు గాలి గ్రిగాల్ ఎక్కువగా చలికాలంలో వస్తుంది గాని, వచ్చినప్పుడు స్లీమా, సెయింట్ పాల్స్ బే రేవులకు అదే గండం.

కనుక తేదీ చూసి కాదు, ముందురోజు సాయంత్రం గాలి చూసి టికెట్ కొనుక్కోవాలి. మాల్టా ఎయిర్‌పోర్ట్ వాతావరణ విభాగం గాలి దిక్కూ బలమూ రోజూ చెబుతుంది. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫోర్ట్ కొలతలో 3 వరకు ఫరవాలేదు. 4 అంటే గాలి 11 నుంచి 16 నాట్లు (గంటకు దాదాపు 20 నుంచి 30 కిలోమీటర్లు), సముద్రం మీద ఎటు చూసినా తెల్లటి నురగలు. ఆ రోజు ఈత రానివాళ్ళు దిగకూడదు. గాలి ఆగిన మర్నాడు కూడా పాత అల మిగిలే ఉంటుంది. గుహల ముందు ఆ సంగతి చప్పుడే చెబుతుంది. నీళ్ళు లోపలికి వెళ్ళి "ధబ్" మని కొడుతున్నాయంటే, పడవను ఎత్తి కప్పుకు కొట్టే బలం ఆ అలకు ఉన్నట్టు. ఆ రాయి సున్నపురాయి, గట్టిది కాదు. ద్వెయ్రాలో ప్రపంచ ప్రసిద్ధమైన అజూర్ విండో రాతి తోరణం 2017 మార్చి 8న తుపాను గాలిలో కూలి సముద్రంలో కలిసిపోయింది. గుహలోకి తీసుకెళ్ళమని పడవ నడిపే సరంగును బతిమాలవద్దు, ఆయన వద్దన్నాడంటే కారణం ఉంటుంది.

ఇక పడవ. గట్టి అడుగు, చుట్టూ గాలి నింపిన లావుపాటి గొట్టాలు ఉండే రకం ఎక్కువ. ఫోటోల కోసం అందరూ ముందుకు ఎగబడతారు. అల మీద నుంచి పడవ కిందికి పడేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఎగిరేది ఆ ముందు భాగమే, వెన్నుపూసలు చిట్లేది అక్కడ కూర్చున్నవాళ్ళకే. వెనక సీట్లు మంచివి. పాదాలు నేలకు ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు చేతులతో పిడి పట్టుకోవాలి. నడుంనొప్పి, డిస్కు సమస్య ఉన్నవాళ్ళూ గర్భిణులూ స్పీడ్‌బోట్ వదిలేసి నెమ్మదిగా వెళ్ళే పెద్ద పడవ ఎక్కాలి. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోవద్దు. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి ముందే తెచ్చుకుని, బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. బయల్దేరేటప్పుడు సరంగు కాలికో మణికట్టుకో చుట్టలు తిరిగిన ఎర్రతాడు ఉందో లేదో చూడండి. ఆయన నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. అది తొడుక్కోకుండా పడవ తోలే మనిషితో వెళ్ళవద్దు.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ఘోరం తర్వాత లైఫ్ జాకెట్ విలువ తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అందులో రకాలున్నాయని చాలామందికి తెలియదు. సన్నటి పట్టీలా మెడ చుట్టూ ఉండి, నీళ్ళు తగలగానే తనంతట తాను ఉబ్బే రకం ప్రయాణానికి మాత్రమే. దానితోనే దూకేస్తే అది ఢామ్మని ఉబ్బి మనిషిని వెల్లకిలా తిప్పేస్తుంది. ముఖం నీళ్ళలో పెట్టడం కుదరదు, దాన్ని ఉబ్బించే గ్యాస్ సిలిండర్ కూడా ఖర్చయిపోతుంది. 150 న్యూటన్ల (న్యూటన్ అంటే తేల్చే బలానికి కొలత) ఫోమ్ జాకెట్ పనీ అంతే, స్పృహ తప్పినవాడి ముఖం పైకి ఉంచడానికే దాన్ని తయారుచేశారు. స్నార్కెలింగ్‌కు కావలసింది 50 న్యూటన్ల తేలుడు జాకెట్, లేదా నోటితో గాలి ఊది నింపుకునే స్నార్కెల్ వెస్టు. కొట్టు దగ్గరే "నీళ్ళలో వేసుకునేది చూపించండి" అని అడగండి. కాళ్ళ మధ్య నుంచి తెచ్చి నడుము దగ్గర కట్టే పట్టీ బిగించకపోతే నీళ్ళలో దిగగానే జాకెట్ చెవుల దాకా లేచిపోతుంది.

రోజు పాడయ్యేది ఎక్కువగా మాస్కు దగ్గర. పట్టీ తలకు వేసుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చేయి తీసినా అది అతుక్కుని ఉంటే మీకు సరిపోయినట్టు. నీళ్ళు కారుతున్నాయని పట్టీ ఇంకా బిగిస్తారు, దాంతో రబ్బరు అంచు మడతపడి ఇంకా కారుతుంది. మీసం ఉన్నవాళ్ళకు పై పెదవి దగ్గర కారడం మామూలే. అక్కడ సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే ఆగుతుంది. వాజలిన్ రాస్తే అంచు పాడవుతుంది. తలకు నూనె రాసుకుని వచ్చిన రోజు పట్టీ జారుతుంది, నుదుటి మీది సన్‌స్క్రీన్ కళ్ళలోకి దిగి మండుతుంది. కళ్ళజోడు మాస్కు లోపల పట్టదు, పవరున్న మాస్కులు అద్దెకిచ్చే చోటు ముందే వెతుక్కోవాలి. కొత్త మాస్కు అయితే అద్దం లోపలివైపు తెల్లటి టూత్‌పేస్ట్‌తో రుద్ది కడగాలి, ఫ్యాక్టరీ పొర పోతేగాని ఆవిరి పట్టడం మానదు. అద్దె మాస్కుకు రెండు చుక్కల బేబీ షాంపూ చాలు.

ముఖమంతా కప్పే మాస్కు చూడటానికి హాయిగా అనిపిస్తుంది, ముక్కుతోనే ఊపిరి తీయవచ్చు. అయినా వద్దు. కవాటాలు సరిగా పనిచేయకపోతే వదిలిన గాలే మళ్ళీ పీలుస్తాం. కంగారు పుట్టినప్పుడు గొట్టమైతే నోట్లోంచి ఉమ్మేయవచ్చు, ఆ మాస్కును క్షణంలో ఊడదీయలేం. మామూలు గొట్టంతో నెమ్మదిగా, నిండుగా పీల్చాలి. చిన్న చిన్న ఊపిర్లు తీస్తే గొట్టంలో ఉన్న పాత గాలే అటూ ఇటూ తిరుగుతుంది. నీళ్ళు లోపలికి వస్తే గట్టిగా "తూ" అని ఊదాలి.

దిగేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఇంజిన్ ఆపారా? న్యూట్రల్‌లో ఉంటే చాలదు, పంకా మెల్లగా తిరుగుతూనే ఉండవచ్చు. నిచ్చెన ఉండేది కూడా ఆ పక్కనే. శబ్దం పూర్తిగా ఆగాకే దిగాలి, ఎక్కేటప్పుడూ అంతే. దూకవద్దు. పడవ అంచు గొట్టం మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేసి, పక్క తాడు పట్టుకుని జారండి. తాడు వదలకుండానే ముఖం నీళ్ళలో పెట్టి, ఊపిరి కుదురుకునేదాకా, రెండు నిమిషాలైనా సరే, అక్కడే ఉండండి. ఇదొక్కటి చేస్తే సగం భయం పోతుంది. తర్వాత ఇద్దరిద్దరుగా కదలాలి. మొదట అల వచ్చే వైపు ఈది వెళితే అలసిపోయాక నీరే పడవ వైపు తెస్తుంది. మొదటిసారికి 15, 20 నిమిషాలు చాలు. పడవ మీద ఉన్న బంధువులకు ఫోటో కోసం చేయి ఊపవద్దు, నీళ్ళలో చేయి ఊపితే ఆపదలో ఉన్నానని అర్థం. బాగున్నానని చెప్పాలంటే అరచెయ్యి నడినెత్తిన పెట్టుకోవాలి.

యాభై దాటినవాళ్ళు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి. సన్నటి గొట్టంతో బలవంతంగా పీలుస్తున్నప్పుడు కొందరికి నీళ్ళు మింగకపోయినా ఊపిరితిత్తుల్లోనే నీరు చేరుతుంది. పెనుగులాట ఉండదు, అరుపు ఉండదు. ఉన్నట్టుండి ఆయాసం, ఒంట్లో సత్తువ జారిపోవడం, అంతే. ఆ క్షణంలో గొట్టం ఉమ్మేసి, వెల్లకిలా తిరిగి, చేయి ఎత్తాలి. కాస్త చూద్దాంలే అనుకోకూడదు.

కింద ఏముందో ఎవరూ చెప్పరు. లేత నీలంగా కనిపించేది ఇసుక. మధ్యమధ్య నల్లటి మచ్చలు చూసి మురికి అనుకుంటారు, అవి పొసిడోనియా గడ్డి పొలాలు. నాచు కాదు, వేళ్ళూ పూలూ ఉన్న నిజమైన మొక్క, ఈ రకం మధ్యధరాలో తప్ప ఇంకెక్కడా లేదు. ముఖం నీళ్ళలో పెట్టి కదలకుండా ఉంటే ఆ గడ్డి రిబ్బన్లలా ఒకేసారి అటు వాలి ఇటు వాలుతుంది, దాని మీదుగా బంగారు గీతల సాల్పా చేపలు మేకల మందలా మేస్తూ పోతాయి. ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకే ఆ గడ్డిని లంగరు ఒక్క లాగుతో పెకలించేస్తుంది. లంగరు ఇసుకలో వేసే సరంగు తన పని తెలిసిన మనిషి. చేపలకు రొట్టె ముక్కలు వేయవద్దు. రాళ్ళ మీద నిలబడవద్దు, ముళ్ళబంతుల్లాంటి సముద్రపు ఉర్చిన్లు అక్కడే ఉంటాయి.

ఊదారంగు జెల్లీచేప కుడితే తువ్వాలుతో రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అతుక్కున్న పోగుల్ని ఏటీఎం కార్డు అంచుతో తీసేయాలి. వంటసోడా, సముద్రపు నీరు సమంగా కలిపిన ముద్ద రెండు నిమిషాలు పట్టిస్తే మంచిది. వెనిగర్ ఈ రకానికి పనికిరాదు. ఊపిరి అందకపోతే అత్యవసర నంబరు 112.

డబ్బు కట్టేముందు అడగవలసినవి: పడవలో ఎంతమంది, నీళ్ళలో గడిపే సమయం ఎంత, గాలికి రద్దయితే డబ్బు తిరిగిస్తారా. షెంగెన్ వీసాకు తీసుకున్న 30,000 యూరోల బీమా పత్రంలో నీటి ఆటలకు వర్తించదని రాసి ఉందేమో చూడండి. 2025 నుంచి బ్లూ లగూన్ ఒడ్డున దిగేవాళ్ళు ముందే ఆన్‌లైన్‌లో ఉచితంగా చోటు నమోదు చేసుకోవాలి. స్నార్కెలింగ్ చేసిన రోజే విమానం ఎక్కవచ్చు, ఆగవలసింది సిలిండరుతో లోతుకు వెళ్ళే స్కూబా వాళ్ళే.

చివరగా మీకొక విన్నపం. ప్రకటనల్లో ఫోటోలు ఆగస్టువి, మన పిల్లల సెలవులు ఏప్రిల్, మే నెలలవి. అప్పుడు విశాఖ సముద్రం 28 డిగ్రీలు దాటి ఉంటే, మాల్టా నీళ్ళు ఏప్రిల్‌లో దాదాపు 16, మేలో 18 డిగ్రీలు. అంత చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా దిగితే ఊపిరి దానంతట అదే ఎగపీలుస్తుంది, ఆ ఊపిరి నీటి అడుగున పడితే నీళ్ళే లోపలికి పోతాయి. మేలో వెళ్ళేవాళ్ళు 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు దుస్తులు) అద్దెకు తీసుకోవాలి. యాత్రా వ్యాసం వేసినప్పుడల్లా ఆ నెల సముద్రపు ఉష్ణోగ్రత ఒక్క అంకె ముద్రించండి. దసరా సెలవులకు అదే నీరు ఇంకా 24 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆగస్టు జనమూ పలచబడతారు. వెళ్ళగలిగినవాళ్ళు అప్పుడు వెళ్ళండి, గాలి మాత్రం చూసుకుని.

ఇట్లు,
పడవ విహారాల పని తెలిసిన కొందరు తెలుగువాళ్ళం,
మాల్టా