నాన్నా, ఆ అట్టపెట్టెలు పారేయకు

తిరుపతి,
ఆదివారం

చిరంజీవికి అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గది చూశాను. మంచం కింద పార్సిల్ పెట్టెలు, బీరువా మీద పార్సిల్ పెట్టెలు. నీ సర్టిఫికెట్లు, అద్దె ఒప్పందం, బ్యాంకు కాగితాలు మాత్రం కుర్చీలో కుప్పగా పడి ఉన్నాయి. పెట్టెలన్నీ పాత సామాన్ల అంగడికి వేసేసి ప్లాస్టిక్ సొరుగులు కొంటాను, డబ్బు పంపమన్నావు. పంపను. పిసినారితనం అనుకుంటే అనుకో. డబ్బు బదులు పని నేర్పుతాను. కుట్టుపని చేసే దానికి అట్టల సంగతి ఏం తెలుసులే అనుకోకు. నా బ్లౌజు నమూనాలు, లైనింగు ముక్కలు, దారపు ఉండలు అన్నీ నేను చేసుకున్న అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

ముందు కత్తి పట్టకు, కొలత టేపు పట్టు. పెట్టె ఎంత ఉంటే అంత సామాను అందులో కుక్కుదామని అందరూ చూస్తారు. నేను అలా చేయను. మనిషి కొలత తీసుకున్నాకే గుడ్డ కోస్తాను కదా! నీకు కావలసింది కాగితాలు నిలబెట్టే పెట్టె. మామూలు ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. కానీ నువ్వు వాటిని ప్లాస్టిక్ ఫోల్డర్లలో పెడతావు కాబట్టి ఆ ఫోల్డరునే కొలిచి, రెండు వైపులా ఒక వేలు వదులు ఇవ్వు. దాదాపు 26 సెంటీమీటర్ల లోతు, 32 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. పెట్టె వీపు, అంటే వెనుక గోడ, వెడల్పు 10 సెంటీమీటర్లు దాటనివ్వకు. వెడల్పు పెరిగిన కొద్దీ లోపలి కాగితాలు ఒరిగిపోతాయి, పక్క గోడలు ఉబ్బుతాయి. ఒక పెద్ద పెట్టెకన్నా రెండు సన్నవి మేలు.

ఇక అసలు విషయం. అట్టను అంచు వైపు నుంచి చూడు. రెండు చదును కాగితాల మధ్య అలలు అలలుగా ముడతల కాగితం ఒకటి ఉంటుంది. ఈ మూడు పొరలదే తేలిక అట్ట. బరువు సామాను వచ్చే పెట్టెలు ఐదు పొరలవి. ఆ ముడతలు ఒకే దిశలో సాగుతాయి. గుడ్డకు పడుగు, పేక ఉన్నట్టే అట్టకూ దిశ ఉందన్నమాట. ముడతలు నిలువుగా నిలబడితే గోడ బరువు మోస్తుంది, అడ్డం పడితే నడుము వంచేస్తుంది. పెట్టెలు చేసేవాళ్ళు కూడా అందుకే ముడతలు నిలువుగా వచ్చేలా కోస్తారు. కొందరు పెట్టెను పక్కకు పడుకోబెట్టి పుస్తకాల అర చేస్తారు, ఆపై వారానికే కుంగిపోయిందని అట్టను తిడతారు. పడుకోబెట్టగానే ముడతలు కూడా పడుకున్నాయని వాళ్ళకు తోచదు. నువ్వు గోడలు కోసేటప్పుడు ప్రతి ముక్క మీదా ముడతల దిశ చూపిస్తూ పెన్సిలుతో బాణం గుర్తు పెట్టుకో. గుడ్డ మీద నేను సుద్దతో పెట్టే గుర్తు అదే.

నాకు భలే నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఈ ముడతల కాగితానికి మొదట పేటెంటు తీసుకున్నది ఇంగ్లండులో, 1856లో. దేనికనుకున్నావు? మగవాళ్ళు పెట్టుకునే పొడవాటి టోపీల లోపల లైనింగుకు! సీసాలకు చుట్టడానికి వాడింది ఆ తరువాత, అమెరికాలో 1871లో. అంటే మొదట ఇది మా కుట్టుపనివాళ్ళ సామానే.

కోత విషయానికి వస్తాను. వెనుక గోడ ఎత్తు 32 సెంటీమీటర్లు, ముందు గోడ ఎత్తు 12. పక్క గోడలు రెండింటి మీదా వెనుక పై మూల నుంచి ముందు గోడ పై అంచు దాకా ఏటవాలు గీత గీయి. స్టీలు స్కేలు ఆనించి, కట్టరుతో మొదట పైపొర మాత్రమే తెగేలా లాగు. మళ్ళీ అదే గీత మీద ఇంకోసారి, ఇంకోసారి. ఒక్క దెబ్బకు కోయాలని నొక్కితే ముడతలు నలిగి అంచు పాడవుతుంది, బ్లేడు జారితే వేళ్ళు కూడా. స్కేలు పట్టుకున్న చేతిని బ్లేడు దారిలో ఉంచకు. మడత పెట్టాల్సిన చోట కట్టరు వద్దు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీటు పెట్టి మడిస్తే తిన్నగా మడత పడుతుంది. ఇక కత్తెర! మీ నాన్న పార్సిల్ విప్పడానికి నా గుడ్డల కత్తెర తీసుకున్న రోజు ఈ ఇంట్లో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. అట్ట కోసిన కత్తెర మళ్ళీ పట్టును కోయదు.

అడుగుకు మాత్రం రెండు ముక్కలు అతికించు. ఒకదాని ముడతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండాలి. అప్పుడు ఎటువైపూ కుంగదు. తెల్ల జిగురు పలచగా రాయి. దట్టంగా పూస్తే అందులోని తడికి అట్ట వంకర పోతుంది. ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టు. మైదా ఉడికించి చేసే జిగురు చవకే, కానీ దాని వాసనకు బొద్దింకలు వస్తాయి. పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. వంట, పడక ఒకే గదిలో ఉన్న నీకు ఆ బాధ వద్దు.

పైన కాగితం అంటిస్తే లోపల కూడా అంటించాలి. ఒకవైపే అంటిస్తే ఆరేటప్పుడు ఆ కాగితం బిగిసి గోడను తన వైపు లాక్కుంటుంది. పాత క్యాలెండరు కాగితాలు ఇందుకు బాగుంటాయి. స్వామివారి బొమ్మ ఉన్నవి మాత్రం నేను వాడను. సాక్సుల పెట్టెకు అంటించడానికి మనసు ఒప్పదు. అన్నిటికన్నా ముందు, పార్సిల్ మీద నీ పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ పీకి ముక్కలు చేసెయ్యి. పాత సామాన్ల అంగడికి వేసే పెట్టెలకైనా ఇదే చెబుతాను.

జూన్‌లో పంపిన బంగినపల్లి పెట్టె ఉందా? దానికి గాలి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఉల్లిపాయలకు పెట్టుకో. లోపలి గడ్డి పూర్తిగా దులిపెయ్యి, లేకపోతే చీమలు. బంగాళాదుంపలు అందులోనే వేయకు, వేరేగా ఉంచు. నూనె సీసాలకు, తడి గిన్నెలకు మాత్రం అట్ట పనికిరాదు. ప్లాస్టిక్ బుట్ట ఒకటి కొనుక్కో, దానికి డబ్బు ఇస్తాను.

ఏ పెట్టెనూ నేల మీద, గోడకు ఆనించి పెట్టకు. రెండు వేళ్ళ ఖాళీ వదులు, చెదలు వస్తే కంటికి కనిపిస్తాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగినప్పుడు కింది అరలోని పెట్టెలు నానిన అటుకుల్లా అయ్యాయి, పై అరవి చెక్కుచెదరలేదు. మీ చెన్నైకీ వానలు ఆ నెలల్లోనే కదా. ముఖ్యమైన కాగితాలు ప్లాస్టిక్ ఫోల్డర్లోనే ఉంచి, ఆ ఫోల్డరును పెట్టెలో పెట్టు.

కోసిన అంచులకు చేతులు గీసుకుపోతాయి. వాటికి పైపింగు, అంటే అంచును కప్పే సన్నని గుడ్డ పట్టీ, నేను కుట్టి పంపుతాను. గుడ్డను క్రాస్‌గా, అంటే పడుగు పేకలకు ఏటవాలుగా, కోస్తే ఏటవాలు అంచు మీద, మూలల్లో ముడత లేకుండా తిరుగుతుంది. నువ్వు జిగురు రాసి అంటించుకుంటే చాలు. ఒక్కో పెట్టె పై అంచు చుట్టుకొలత, అట్ట మందం కొలిచి పంపు. నీలం గుడ్డ కావాలో బూడిద రంగు కావాలో కూడా రాయి. రాయకపోతే మీ అత్త లంగా కుట్టగా మిగిలిన గులాబీ పువ్వుల గుడ్డే వేస్తాను, తరువాత నన్ను అనకూడదు.

అమ్మ