ఆ బోర్డు మన షాపుకు రావడం లేదు

నెల రోజులుగా మన సైకిళ్ల షాపుకు వచ్చినవారంతా ఒకటే అడుగుతున్నారు: "పేరు మారుస్తున్నారటగా?" ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని మన గోడలు కొలుస్తుంటే చూసినవారెవరో ఈ కబురు మోశారు. అబద్ధం కాదు. కొలిచిన మాట నిజం, కొలవమన్నది నేనే. చివరికి వద్దనుకున్నదీ నేనే. మధ్యలో ఏం జరిగిందో, దానివల్ల మీకు ఏమి మారుతుందో నా నోటితోనే చెప్పడం మర్యాద అనిపించి ఇది రాస్తున్నాను.

మనం పదకొండేళ్లుగా అమ్ముతున్న గేరు సైకిళ్ల కంపెనీ ఒకటుంది. పేరు వద్దులెండి. రాజమహేంద్రవరంలో తమ సైకిళ్లు మాత్రమే అమ్మే షోరూము కావాలని వాళ్లు వచ్చారు. బోర్డు, దీపాలు, నేల పలకలు, సైకిళ్లు తగిలించే కొక్కేలు, అన్నీ వాళ్ల నమూనా ప్రకారమే ఉండాలి. ఖర్చులో సగం వాళ్లే పెట్టుకుంటారు. రిపేర్లు చేసే మా మేస్త్రిని పది రోజులు శిక్షణకు తీసుకెళ్తారు. సరుకు ముందే పంపుతారు, డబ్బు తొంభై రోజులకు కట్టవచ్చు. బదులుగా మిగతా కంపెనీల సైకిలు ఒక్కటి కూడా షాపులో కనిపించకూడదు. హెల్మెట్టు, నీళ్ల సీసా, తాళం కూడా వాళ్లవే ఉండాలి. సీజనుకు ఇన్ని సైకిళ్లు తీసుకుంటామని ముందే రాసివ్వాలి, అమ్ముడుపోయినా పోకపోయినా. మరి బయటి సైకిళ్ల రిపేర్లో అని అడిగితే, "వెనక గదిలో చేసుకోండి" అన్నారు.

ఆ వెనక గది మాట గుచ్చుకుంది. అయినా అప్పటికప్పుడు కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. రెండు దీపావళుల కిందట తెచ్చిన పిల్లల సైకిళ్లు ఇంకా అటక మీదే ఉన్నాయి, బ్యాంకు అప్పు నడుస్తోంది. తొంభై రోజుల అరువు అంటే నాలాంటివాడికి ఏసీ గదిలో కూర్చోబెట్టినట్టు. మా అబ్బాయి కొత్త బోర్డు ఎలా ఉంటుందో కంప్యూటర్లో గీసి చూపించాడు కూడా, బాగుంది. మా ఆవిడ మాత్రం రిపేర్ల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, సంతకం చేసే ముందు ఇది ఒకసారి తిరగేయమంది.

అందులో ఒక సోమవారం పేజీ చెబుతాను. ఉదయం ఆరున్నరకు కడియపులంక నర్సరీలో పనిచేసే ఆయన వచ్చారు. మొక్కల సంచులు మోసి మోసి వెనక చక్రంలో ఆరు పుల్లలు తెగాయి. తరువాత ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో ఇచ్చిన సైకిలు మీదే ఇంటరు చదువుకు వెళ్తున్న అమ్మాయి, బ్రేకు రబ్బర్లు అరిగిపోయి. పది గంటలకు ఒక డాక్టరుగారి ఆయిలు బ్రేకుల సైకిలు. మధ్యాహ్నం మూడు పంక్చర్లు, ఒక చైను. సాయంత్రం ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారి పాత అట్లాసు. ఆ రోజు వచ్చిన ఎనిమిది సైకిళ్లలో ఆ కంపెనీది ఒకటే, డాక్టరుగారిది. అంటే మిగిలిన ఏడుగురినీ నేను వెనక గదికి పంపాలి. ఆ ఏడుగురే నెలనెలా మన అద్దె కడుతున్నారని పుస్తకం చెబుతోంది.

హెడ్మాస్టరుగారి సైకిలు దగ్గర కాసేపు ఆగాలి. అట్లాసు కంపెనీ 1951లో హర్యానాలోని సోనీపత్‌లో మొదలైంది. మా నాన్నగారి కాలంలో మన షాపులో సగం సైకిళ్లు అవే, మిగతావి హీరో, హెర్క్యులిస్, బీఎస్ఏ. 2020 జూన్ 3న ఢిల్లీ దగ్గరి సాహిబాబాద్‌లోని వాళ్ల కర్మాగారం ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం కావడం ఏమి రాతో గానీ. కంపెనీ ఆగినా మాస్టారి సైకిలు ఆగలేదు. దాని రిమ్ము, ఫ్రీవీలు, యాక్సిలు, పెడళ్లు లుధియానాలో ఎందరో తయారుచేస్తారు, ఎవరివైనా పడతాయి. నాన్నగారు ఆ రోజుల్లో అట్లాసు ఒక్కటే పెట్టుకుని ఉంటే మనకు దిక్కేమిటని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

"ఎవరివైనా పడతాయి" అన్నాను గానీ, అన్నీ అన్నిటికీ పడవు. మాస్టారి సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. గేరు సైకిళ్లకు వేసే 700సి టైర్ల మీద కూడా కొన్నింటికి 28 అనే రాసి ఉంటుంది. రెండూ ఒకటేననుకుని ఇంటర్నెట్‌లో కొని, "ఎక్కడం లేదు, చూడండి" అని తెచ్చినవారు మన దగ్గరే ముగ్గురున్నారు. రిమ్ము మీద టైరు కూర్చునే చోట అడ్డకొలత మొదటిదానికి 635 మిల్లీమీటర్లు, రెండోదానికి 622. ఎలా ఎక్కుతుంది? తమాషా ఏమిటంటే 29 అంగుళాల ఎంటీబీ (కొండదారి సైకిలు) టైరుదీ 622యే. అందుకే పెద్దక్షరాలు వదిలేసి, పక్కన చిన్నగా ముద్రించిన ఆ మూడంకెలు చూడమంటాను. బ్రేకు నూనె సంగతీ అంతే. షిమానో కంపెనీ ఆయిలు బ్రేకుల్లో మినరల్ ఆయిలు పోయాలి, స్రామ్ కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ద్రవం, అంటే కార్ల బ్రేకుల్లో పోసే రకం. ఒకదాంట్లో మరొకటి పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. ఆ రెండు సీసాలు వేర్వేరు అరల్లో ఎందుకు పెడతారని చాలామంది అడిగారు, ఇందుకే.

అమ్మకం దగ్గరా ఇదే గొడవ. మొన్న వేసవిలో ఐదడుగులకు కాస్త తక్కువ ఎత్తున్న టీచరమ్మ ఒకరు సైకిలు కోసం వచ్చారు. ఆ కంపెనీ చిన్న సైజు మీద కూర్చుంటే కాలి మునివేళ్లే నేలకు అందాయి. పక్క వరుసలో మరో కంపెనీ సైకిలు, దానికంటే నాలుగు వేలు తక్కువ, ఆవిడ కోసమే చేసినట్టు సరిపోయింది. ఒకే కంపెనీ షాపులో ఉండి ఉంటే నేనేం చేసేవాణ్ణి? సీటు బాగా కిందికి దింపి, "అలవాటైపోతుందండీ" అని ఉండేవాణ్ణి. నెలాఖరుకు లెక్క చూపించాల్సిన రోజున ఎవరైనా అదే అంటారు.

అలాగని కంపెనీ షోరూములన్నీ మోసమని నేను అనడం లేదు. ఖరీదైన సైకిళ్లలో ఇప్పుడు కేబుళ్లు హ్యాండిలు లోపల నుంచి పోతున్నాయి, సీటు గొట్టం కూడా ఆ ఫ్రేముకు మాత్రమే పట్టేది. వాటికి కంపెనీ మనిషే సరైనవాడు. మన షాపు లోపాలు కూడా నాకు తెలుసు. గేరు మార్చే డీరేలరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న హ్యాంగరు ముక్క కోసం మీలో ఒకరిని ఇరవై మూడు రోజులు తిప్పాను. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది అది, నిజమే. కానీ మొదటి రోజే "నా దగ్గర లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు" అని చెప్పాల్సింది. రేపు, ఎల్లుండి అన్నాను. తప్పు నాదే.

అమెరికాలో ట్రెక్, స్పెషలైజ్డ్ కంపెనీలు ఊళ్లలోని షాపులనే కొని సొంతంగా నడుపుతున్నాయని డాలస్‌లో ఉంటున్న మన పాత కస్టమరు ఒకరు ఫోనులో చెప్పారు. "మీరూ సిద్ధంగా ఉండండి" అని నవ్వారు. మన అటక మీద సరుకు చూస్తే కొనడానికి వచ్చినవాళ్లు కూడా పారిపోతారని చెప్పాను.

ఇక మీకు మారేవి. షోరూము వద్దన్నాను కాబట్టి వచ్చే నెల మొదటి తారీకు నుంచి మనం ఆ కంపెనీ డీలరు కాదు. ఊళ్లోనే మరొకరు వాళ్ల షోరూము తెరుస్తున్నారు. ఆయన నాకు శత్రువేమీ కాదు. వాళ్ల కొత్త సైకిలే కావాలంటే నిస్సంకోచంగా అక్కడికి వెళ్లండి. మన దగ్గర కొన్న ఆ సైకిళ్లకు వారంటీ పనులు ఇకమీదట అక్కడే చేస్తారు. బిల్లు, ఫ్రేము నంబరు తప్పనిసరి. బిల్లు పోగొట్టుకున్నవారు నా దగ్గరికి రండి, పాత పుస్తకాల్లో వెతికి నకలు ఇస్తాను. మామూలు సర్వీసు మాత్రం ఎప్పటిలాగే ఇక్కడ చేస్తాం, ముందు గదిలోనే. మిగిలిన తొమ్మిది సైకిళ్లు కొన్న ధరకే ఇచ్చేస్తున్నాను. అందులో ఏడు పెద్ద సైజువి, పొట్టివారు ఆశపడవద్దు.

ఆ తొంభై రోజుల అరువు పోయింది కాబట్టి ఇకమీదట సరుకు నగదుకే తెచ్చుకోవాలి. ఇరవై వేలు దాటిన సైకిళ్లు సైజుకు ఒకటి చొప్పున తొక్కి చూడటానికే ఉంటాయి. నచ్చితే తెప్పిస్తాం, వారం పడుతుంది. పిల్లల బ్యాటరీ కార్లు, బొమ్మలు మానేస్తున్నాం. వాటి మీద నాకెప్పుడూ మనసు లేదు.

ఓవరాలింగు ధర ఇంతవరకు 450 రూపాయలు, ఇకమీదట 600. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఇదేమిటని అడుగుతారు. ఆ తగ్గింపు మీ బిల్లుల్లో ఇస్తూనే ఉన్నాం. పెంచింది కూలి. చక్రం వంకర తీయడానికి మా మేస్త్రికి గంట పడుతుంది. నాలుగేళ్లుగా ఆ గంటకు ఒకే ధర ఇస్తున్నామని ఆయన ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేశారు. పంక్చరు ధర మార్చడం లేదు.

గోడ మీద పెన్సిలు గీతలు ఇంకా ఉన్నాయి, సున్నం వేయించాలి. ఆదివారాలు ధవళేశ్వరం వైపు తొక్కేవారి కోసం తలుపు ఐదున్నరకే తీస్తాం. పంపు బయటే ఉంటుంది. రెండు మూతులున్నాయి. లావు మూతి మోటారు సైకిలు రకం వాల్వుకు, సన్న మూతి ప్రెస్టా వాల్వుకు (గేరు సైకిళ్లలో చాలావాటికి ఉండే సన్న వాల్వు), మన పాత సైకిళ్ల వాల్వుకు కూడా అదే పడుతుంది. గాలి కొట్టుకున్నాక మూతి తిరిగి కొక్కేనికి తగిలించండి, కిందటి వారం మురుగు కాలవలో దొరికింది.